గుమ్మడికాయ కొట్టేశాక

అరవైల్లో, డెబ్బయిల్లో తిరుపతి వెళ్లొచ్చిన కృష్ణా జిల్లా పెద్దవాళ్లను ఆ యాత్ర గురించి చెప్పమంటే, చాలామంది కథ కొండ దిగాకే ఊపందుకుంటుంది. ఊళ్లో పదిళ్లవాళ్లు కలిసి బస్సు మాట్లాడుకునేవారు. పులిహోర పొట్లాలు, జంతికల డబ్బాలు, చంటిపిల్లల పుట్టువెంట్రుకల మొక్కులు, అన్నీ ఆ బస్సెక్కేవి. కొండమీద తలనీలాలిచ్చి, దర్శనం చేసుకుని, ప్రసాదం మూటగట్టుకున్నాక బస్సు ఇంటిదారి పట్టేది కాదు, మద్రాసు వైపు తిరిగేది. త్యాగరాయనగర్ బజుల్లా రోడ్డులో ఎన్.టి.రామారావు ఇల్లుంది. తెల్లవారుజామునే ఆ గేటు ముందు జనం. గుండ్లకు పూసిన గంధం ఇంకా పోలేదు. ఆయన బయటికొచ్చి నమస్కారం పెట్టగానే గుంపులో చేతులన్నీ ఒక్కసారిగా పైకి లేచేవి.

ఆ బస్సు వెళ్లింది ఒక యాత్రకా, రెండు యాత్రలకా?

మొదటిది భక్తి, రెండోది మోజు అని తేల్చేయడం సులువే. చదువుకున్నవాళ్లు అప్పట్లో అలాగే తేల్చేశారు. కానీ ఆ గేటు దగ్గర నిలబడ్డవాళ్ల మనసులో అంత స్పష్టమైన గీత లేదు. వాళ్ల ఇంట్లో దేవుడి గూట్లో ఉన్న క్యాలెండరు మీది కృష్ణుడు ‘మాయాబజార్’ (1957) కృష్ణుడు. పామర్రు దగ్గర నిమ్మకూరులో 1923లో పుట్టిన మనిషి ముఖం, ఆ చుట్టుపక్కల పూజగదుల్లోనే దేవుడి ముఖమై కూర్చుంది. పొద్దున్నే దీపం పెట్టే ముఖం ఎదురుగా నడిచి వస్తే చేతులు వాటంతటవే లేస్తాయి. అది తప్పని చెప్పేముందు, ఒక చోటుకి గాని ఒక రూపానికి గాని పవిత్రత ఎలా వస్తుందో తేల్చుకోవాలి. సినిమా తీసిన చోట్లు చూడ్డానికి ఇవాళ తెలుగువాళ్లు ఊళ్లు దాటి, దేశాలు దాటి వెళుతున్నారు. కాబట్టి ప్రశ్న పాతదే అయినా అవసరం కొత్తది.

ఆ పల్లెవాళ్లు మనిషి ఇంటికే ఎందుకు వెళ్లారు, సినిమాలో చూసిన చోటుకి ఎందుకు వెళ్లలేదు? వెళ్లడానికి చోటే లేదు. 1921లోనే మారుతీ సినిమా హాలు వెలిసిన బెజవాడ సినిమాను చూసింది, పంచింది, గాంధీనగర్ ఆఫీసుల్లో కొన్నది, అమ్మింది. కానీ సినిమా తయారైంది మాత్రం మద్రాసులో. ‘మాయాబజార్’ ద్వారక కోడంబాకం వైపు వాహినీ స్టూడియో ఫ్లోర్ల మీద చెక్కతో, గుడ్డతో, ప్లాస్టర్‌తో లేచి, పని అయిపోగానే కూలిపోయింది. పురాణంలో ద్వారక సముద్రంలో మునిగింది. సినిమా ద్వారక ఆనవాళ్లు వెతుక్కుంటూ ఇప్పుడు వడపళని వెళితే, ఆ స్టూడియో స్థలంలో ఆసుపత్రి, షాపింగ్ మాల్ కనిపిస్తాయి. శశిరేఖ నడిచిన నేల ఏ లిఫ్టు కింద ఉందో ఎవరూ చూపించలేరు.

సినిమావాళ్లకి ఈ సంగతి మొదట్నుంచీ తెలుసు. కొత్త సినిమా మొదలయ్యే రోజు కొబ్బరికాయ కొట్టి, మొదటి క్లాప్ దేవుడి పటాల మీద కొడతారు. షూటింగ్ పూర్తయిన రోజు గుమ్మడికాయ కొడతారు. వినాయకచవితి చేసే ప్రతి ఇల్లూ ఎరిగిన పద్ధతే ఇది. మట్టిబొమ్మలోకి దేవుణ్ణి పిలిచే ఆవాహన ముందుంటుంది, పంపించే ఉద్వాసన చివరుంటుంది. మధ్య రోజుల్లో అది దేవుడు. ఉద్వాసన అయ్యాక అది మట్టి, దాన్ని కాలవలో కలిపితే దోషం లేదు. దేవుడు మట్టిలో ఉన్నాడా, పిలిచినవాడి మనసులో ఉన్నాడా అని మన పూజావిధానం చర్చ పెట్టదు. పిలిచావు, వచ్చాడు. పంపావు, వెళ్లాడు. అంతే. మరి గుమ్మడికాయ కొట్టేశాక కూడా ఆ చోటు వెతుక్కుంటూ వచ్చే మనిషి దేన్ని వెతుక్కుంటున్నట్టు?

దీనికి బెజవాడ కొండే ఒక జవాబు చెబుతుంది. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడనీ, కిరాతుడి వేషంలో వచ్చిన శివుడితో పోరాడి పాశుపతాస్త్రం పొందాడనీ, ఆ విజయుడి పేరు మీదే విజయవాడ అయిందనీ స్థలపురాణం. భారతం అరణ్యపర్వం తెరిచి చూస్తే అర్జునుడు హిమాలయాలు దాటి, గంధమాదనం దాటి ఇంద్రకీలం చేరతాడు. అంటే ఇతిహాసంలో ఆ కొండ ఉత్తరాన, మంచు దేశంలో ఉంది. కథ అక్కణ్ణుంచి బయల్దేరి కృష్ణ ఒడ్డుకి వచ్చి, తనకు తగిన కొండ చూసుకుని దిగింది. ఇది అబద్ధమని దసరా రోజుల్లో క్యూలో నిలబడ్డవాళ్లకు చెప్పాలనుకోవడం అర్థం లేని పని. కథ నచ్చిన జనం ఆ కథకు తమ ఊళ్లో చోటిచ్చారు. వందల ఏళ్లు దీపం పెట్టారు. ఆ దీపం నిజం.

ఇంకా ముచ్చటైన సాక్ష్యం మల్లేశ్వరాలయం దగ్గరున్న యుద్ధమల్లుడి శాసనం. పదో శతాబ్దపు శాసనం, మధ్యాక్కర పద్యాల్లో ఉంది. అందులో సంగతి: చేబ్రోలు కుమారస్వామి, జాతరకని బెజవాడ వచ్చి, ఊరు నచ్చి, ఇక్కడే ఉండిపోదలచాడట. ఆయన కోసం యుద్ధమల్లుడు గుడీ మఠమూ కట్టించాడు. మనిషి దేవుడి దగ్గరికి యాత్ర వెళ్లడం అందరికీ తెలుసు. దేవుడే యాత్రకి వచ్చి ఆగిపోయిన ఊరు బెజవాడ. చోటుకి మహిమ ఎక్కణ్ణుంచి వస్తుందని వెయ్యేళ్ల కిందట ఈ నేలను అడిగి ఉంటే, వచ్చినవాడు ఇష్టపడి నిలిచిపోవడం వల్ల అని చెప్పి ఉండేది.

దివిసీమ దారిలో మరో రెండు ఊళ్లున్నాయి. కూచిపూడి ఒకటి, దాని పక్కన మొవ్వ ఒకటి. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య తన పదాల్లో మువ్వగోపాలుణ్ణి పిలిచాడు. ఆ గోపాలుడు ఈ మొవ్వ వేణుగోపాలుడేనని ఎక్కువమంది పండితుల మాట. ఆ గుడికంటే పెద్ద గుళ్లు కృష్ణా జిల్లాలో చాలా ఉన్నాయి. దూరాన్నుంచి సంగీతం తెలిసినవాళ్లు మొవ్వ దారి పట్టడానికి కారణం పదాలు. పాటలో విన్న చోటును కళ్లతో చూడాలన్న కోరిక అది. సినిమాలో చూసిన ఇంటి అరుగు మీద ఒక్కసారి కూర్చోవాలని వెళ్లే కుర్రాడి కోరిక కూడా ఆ జాతిదే. అన్నట్టు క్షేత్రయ్య అసలు పేరు వరదయ్య అంటారు. క్షేత్రాలు తిరిగి తిరిగి ఆ తిరుగుడే ఆయన పేరైంది. 1976లో ఆ కథ ‘మహాకవి క్షేత్రయ్య’ పేరుతో సినిమాగా వచ్చినప్పుడు, క్షేత్రయ్యగా వేసింది గుడివాడ దగ్గరి రామాపురంలో పుట్టిన అక్కినేని నాగేశ్వరరావు. మొవ్వకు పెద్ద దూరం లేని ఊరు.

ఇవన్నీ పాత సంగతులు, కాలం వాటికి పవిత్రతనిచ్చింది, నిన్నమొన్నటి సినిమాకి అది ఎలా వస్తుందని అడగవచ్చు. అలాంటివాళ్లు ఒకసారి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గరికి వెళ్లి చూడాలి. గోదావరి, కృష్ణ ఏనాడూ కలవని నదులు. రెండూ వేర్వేరుగా సముద్రంలో కలుస్తాయి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల పంపులు గోదావరి నీళ్లను పోలవరం కుడికాలవలోకి ఎత్తిపోశాయి. ఆ నీళ్లు వచ్చి కృష్ణలో కలిసిన చోటుకి పవిత్ర సంగమం అని పేరు పెట్టారు. ఘాట్లు కట్టారు. 2016 ఆగస్టులో వచ్చిన కృష్ణా పుష్కరాలకి అక్కడ జనం మునిగారు, పితృదేవతలకు తర్పణాలు విడిచారు, సాయంత్రం హారతి చూసి దణ్ణం పెట్టారు. కరెంటు మోటార్లు కలిపిన సంగమం అది, వయసు ఒక్క ఏడాది. ఆ నీళ్లలో తల్లికి తర్పణం వదిలిన కొడుకు కళ్లలో నీళ్లను అడిగితే పంపుల సంగతి చెప్పవు.

కాబట్టి మనుషులు కట్టిందనో, కొత్తదనో, కల్పితమనో సినిమా చోటును పక్కకి నెట్టేయడం కుదరదు. మన క్షేత్రాల్లోనూ ఈ మూడూ ఉన్నాయి.

అయితే బరువైన అభ్యంతరం మరొకటుంది. భక్తుడు నమ్ముతాడు, ప్రేక్షకుడు నమ్మడు. తెరమీద ఏడుస్తున్నది నటి అని తెలిసే ఏడుస్తాడు. శంకరుల వేదాంతం చదువుకున్నవాళ్లు దీన్ని ప్రాతిభాసికం, వ్యావహారికం అని విడదీస్తారు. తాడును చూసి పామనుకోవడం ప్రాతిభాసికం, తాడు తాడుగా ఉండడం వ్యావహారికం, ఈ రెండూ నిలవని స్థాయి పారమార్థికం. ఆ లెక్కన తెరమీది బొమ్మ తాటి మీద పాము. సరే. కానీ పాము అబద్ధమైనా గుండె దడ అబద్ధం కాదని ఆ ఉపమానమే ఒప్పుకుంటుంది. 1960లో ‘శ్రీ వెంకటేశ్వర మహాత్మ్యం’ ఆడినప్పుడు కొన్ని థియేటర్లలో స్వామి విగ్రహం పెట్టారు, హుండీ పెట్టారు. జనం చెప్పులు విడిచి, హారతి కళ్లకద్దుకుని, ముడుపులు వేసి లోపలికి వెళ్లారు. లోపల వేషం కట్టింది రామారావని తెలియనివాడు ఒక్కడూ లేడు. తెలిసే చేశారు. కొండమీది శిల రాయి అని కూడా వాళ్లకి తెలుసు. తెలియడం, నమ్మడం ఒకదాన్నొకటి తోసుకునేవి కావని ఆ హుండీలో పడ్డ నాణేలు చెప్పాయి.

మరి యాత్రకీ లొకేషన్ చూసి రావడానికీ తేడా లేదా? ఉంది. అది చోటులో లేదు, వెళ్లేవాడు చేసే పనిలో ఉంది.

ఇంద్రకీలాద్రి అమ్మవారి పేరున భవానీ దీక్ష తీసుకున్న మనిషిని దగ్గరగా చూస్తే ఆ తేడా తెలుస్తుంది. ఎర్రబట్ట కడతాడు. మండలం రోజులు నేల మీద పడుకుంటాడు, చన్నీళ్ల స్నానం, ఒంటిపూట భోజనం. లారీ తోలేవాడైనా, బందరు రోడ్డులో కొట్టు నడిపేవాడైనా ఆ రోజుల్లో అందరికీ ‘భవాని’. సొంత పేరు పక్కన పెట్టేస్తాడు. తలమీద ఇరుముడితో పల్లె నుంచి నడుచుకుంటూ వస్తాడు. కాళ్లు బొబ్బలెక్కితే పసుపు రాసుకుంటాడు. కొండచుట్టూ తిరిగి, ఇరుముడి సమర్పించి, దీక్ష విరమించి ఇంటికి పోతాడు. ఇన్ని రోజుల్లో అతను కొండనుంచి తీసుకున్నది కాస్త కుంకుమ, ఒక ప్రసాదం పొట్లం. ఇచ్చింది మాత్రం లెక్కలేదు: నిద్ర, రుచి, పేరు, సుఖం. తిరుపతిలో తలనీలాలు ఇచ్చేదీ ఈ లెక్కలోకే వస్తుంది. కూచిపూడిలో పుట్టిన మగవాడు జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్రయోగి పెట్టాడని చెప్పే ఆన కూడా అంతే. ఆ ఊరు తనవాళ్లను ఒక పని అడుగుతుంది. క్షేత్రమంటే అడిగే చోటు.

సినిమా చోటు దగ్గర ఇవాళ జరుగుతున్నది దీనికి పూర్తిగా ఎదురు. కర్నూలు కొండారెడ్డి బురుజు ‘ఒక్కడు’ (2003) తర్వాత తెలుగువాళ్లందరికీ తెలిసిపోయింది. రాయలనాటి కోట బురుజు అది. దాని ముందు నిలబడి ఫొటో దిగి, అటు తిరిగి బిర్యానీ హోటల్ ఎక్కడని అడిగేవాళ్లే ఎక్కువ. అదే బురుజును ‘సరిలేరు నీకెవ్వరు’ (2020) కోసం సెట్టు వేసి తీశారు. చూసేవాళ్లకి పెద్ద తేడా అనిపించలేదు. అసలు బురుజు కూడా సెట్టులా మారిపోయిందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. గుడివాడ దగ్గర పెదపారుపూడిలో పుట్టిన రామోజీరావు హైదరాబాదు శివార్లలో కట్టిన ఫిల్మ్ సిటీలో మాహిష్మతి సెట్టును జనం చూడ్డానికి అలాగే ఉంచారు. అక్కడ టికెట్టు కొని చూడడంలో మోసం లేదు. అది సెట్టని ముందే చెబుతారు. చిక్కంతా నిజమైన ఊళ్లతోనే. అక్కడ మనుషులు కాపురాలు చేస్తుంటారు. ‘ఇదే కదండీ ఆ ఇల్లు’ అంటూ గేటు తీసుకుని లోపలికి వచ్చేసేవాళ్లు, ఆ ఇంటివాళ్లను పలకరించే తీరిక లేకుండా వెళ్లిపోతారు. గుళ్లోనైతే ఎవరూ అలా చెయ్యరు.

‘ఆర్ఆర్ఆర్’లోని ‘నాటు నాటు’ పాటను 2021 ఆగస్టులో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మారిన్‌స్కీ భవనం ముందు తీశారు. సినిమా 2022 మార్చి 25న విడుదలైంది. అప్పటికి యుద్ధం మొదలై నెల దాటింది. విజయవాడ థియేటర్లలో కాగితాలు ఎగరేస్తూ ఆ పాట చూస్తున్న రోజుల్లోనే ఆ నగరంలో జనం మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నారు. తెరమీద ఒక చోటును ప్రేమించినవాడికి ఆ చోటి మనుషుల పట్ల ఏదైనా బాధ్యత ఉంటుందా? ఉంటుంది. ఉండాలి. లేకపోతే ఆ ప్రేమకు అర్థం లేదు.

అభిమానం మొక్కుగా మారిన చోట్లు లేకపోలేదు. జపాన్‌లో కార్టూన్ కథలు జరిగిన నిజమైన ఊళ్లకి అభిమానులు వెళ్లడాన్ని అక్కడ పుణ్యస్థల యాత్ర అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. సైతామా ప్రాంతంలో వాషినోమియా అని పాత గుడి ఉంది. 2007లో ‘లక్కీ స్టార్’ అనే సీరియల్లో ఆ గుడి కనిపించాక కుర్రకారు వరదలా వచ్చింది. మొదట్లో ఊరివాళ్లు కంగారుపడ్డారు. ఆ కుర్రాళ్లు గుడి పద్ధతి ప్రకారం కొయ్య పలకల మీద మొక్కులు రాసి కట్టారు. మరుసటి ఏడాది నుంచి ఊరి ఉత్సవంలో తమ పల్లకీని తామే భుజాన మోశారు. సంబరం చూడ్డానికి వచ్చినవాడు బోయీ అయ్యాడు. ఇంద్రకీలాద్రి జనానికి ఈ సంగతి వివరించనక్కర్లేదు.

భాగవతంలో ధర్మరాజు విదురుడితో అంటాడు: మీవంటివాళ్లు వెళ్లబట్టే తీర్థాలు తీర్థాలవుతున్నాయని. తీర్థం మనిషిని శుద్ధి చేస్తుందన్నది అందరి నమ్మకం. ధర్మరాజు దాన్ని తిరగేశాడు. నీళ్లలో మునిగినవాడి నుంచి నీళ్లకి ఏదో చేరాలి. హంసలదీవి కథ చెప్పేదీ ఇదే. పాపుల స్నానాలతో నల్లబడిన గంగ, కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగి, కృష్ణ సముద్రంలో కలిసే చోట మునిగి హంసగా తేలిందట. గంగకే మైల పట్టించగలిగిన యాత్రికులు, ఒక పల్లెటూరి అరుగును, ఒక చెట్టును ఏం చెయ్యగలరో ఆలోచించాలి.

చెట్టు అంటే కుమారదేవం చెట్టు. కృష్ణ నుంచి గోదావరి దాకా వెళ్లాలి దాన్ని చూడాలంటే. కొవ్వూరు దగ్గర నది ఒడ్డున ఉన్న నిద్రగన్నేరు, వయసు నూట యాభై ఏళ్లంటారు. ‘పాడిపంటలు’ రోజుల నుంచి మూడు వందల పైచిలుకు సినిమాల్లో కనిపించిందని ప్రసిద్ధి. దర్శకుడు వంశీకి అది సొంత చెట్టులాంటిది. ఒక్క షాట్ దాని కింద తీస్తే సినిమా ఆడుతుందని సినిమావాళ్ల సెంటిమెంట్. దాంతో ‘సినిమా చెట్టు’ అన్నదే దాని పేరైపోయింది. రాజమండ్రి వచ్చినవాళ్లు కారు అటు తిప్పి, దాని నీడలో ఫొటో దిగి పోయేవాళ్లు. 2024 ఆగస్టు 5 తెల్లవారుజామున, వరద రోజుల్లో, అది మొదలుకంటా ఒరిగి పడిపోయింది. ఆ వార్త విని జనం వచ్చారు. ఈసారి ఫొటోల కోసం వచ్చినవాళ్లలో కూడా చాలామంది ఊరికే నిలబడిపోయారు. కొందరు కొమ్మను నిమిరారు, ఇంటిపెద్ద పోయిన గడపలో నిలబడ్డట్టు.

తర్వాత జరిగిందే అసలు కథ. పడిపోయిన మానును కలప కింద లెక్కగట్టి పంపించేయలేదు. రాజమండ్రి రోటరీ క్లబ్‌వాళ్లు పూనుకుని, కొమ్మలు తగ్గించి, మొదలుకు మందులు పట్టించి బతికించే ప్రయత్నం చేశారు. కొద్ది వారాల్లో ఆ మొదలు చిగుళ్లు వేసింది. ఇన్ని సినిమాలకు నీడనిచ్చిన చెట్టుకి తిరిగి ఏదైనా ఇచ్చిన మొదటి సందర్భం బహుశా అదే.

సెలవుల్లో గోదావరి వైపు వెళ్లే బెజవాడ కుటుంబాలు ఇప్పుడూ కుమారదేవంలో ఆగుతాయి. పిల్లలకు ఆ సినిమాల కథలు చెప్పండి, ఫొటో కూడా దిగండి. కానీ చిగుళ్లు లేతవి, గుర్తుకోసం తుంచకండి. కారులో నీళ్ల సీసా ఉంటే దాని మొదట్లో పోసి రండి.